పేరులో పెంపక మున్నదా?

ఏటేట జూన్ నెలలో బడులు తెరచిన మొదటి దినమున ఉపాధ్యాయుల గదిలో నొక వినోదము జరుగుచుండును. క్రొత్తగా చేరిన పిల్లల హాజరుపట్టీని ఎవరో యొకరు చేతబట్టుకొని పేర్లు చదువుదురు. తక్కినవారు ఆ పేర్లను విని జాతకములు చెప్పుదురు. ఈ పేరుగలవాడు పెద్ద యింటి బిడ్డయై యుండును, ముందు వరుసలో చోటు చూడుడు. ఈ పేరుగలది కాన్వెంటునుండి వచ్చియుండును, ఇంగ్లీషు బాగుగ పలుకును. ఈ పేరు విన్నంతనే తెలియుటలేదా, ఆ యింట అక్షరము ముక్క యెరిగినవాడు లేడు. వీనితో మనకు తిప్పలు తప్పవు. అప్పటికి ఆ పిల్లల ముఖము లెవరును చూచియుండలేదు. వారిచేత నొక్క పంక్తియైనను వ్రాయించి యుండలేదు. తీర్పు మాత్రము వెలువడిపోయినది. ఇరువదేండ్లకు పైగా నేనీ వృత్తిలో నున్నాను. ఈ వినోదములో నేనును పాల్గొన్నవాడనే. కావున నిప్పుడు వ్రాయబోవునది యితరులను నిందించుటకు మాత్రమే కాదు. ఈ వ్యాజ్యెములో మొదటి ముద్దాయిని నేనే.

ఈ యలవాటు బడి గోడలలోపలనే యున్నదనుకొనరాదు. ఇల్లు అద్దెకిచ్చువారును, ఉద్యోగమిచ్చువారును, పెండ్లిసంబంధము వెదకువారును ముందుగా పేరునే చూచుచున్నారు. పేరునుండి కులము, కులమునుండి గుణము, గుణమునుండి పెంపకము. ఇట్లు మెట్టు మెట్టుగా దిగజారు తర్కమును మనము లోకజ్ఞానమని పిలుచుకొనుచున్నాము. నేను చెప్పదలచిన దొక్కటే. పేరు తలిదండ్రులు బ్రతికిన కాలమును చెప్పగలదు. వారి భయమును, ఆశను, ముచ్చటను చెప్పగలదు. బిడ్డ బుద్ధినిగాని, నడతనుగాని, ఆ యింటి పెంపకమునుగాని చెప్పజాలదు. చెప్పునని నమ్మి నడచుకొనువా డెంత చదివినవాడైనను బిడ్డకు అన్యాయము చేయుచున్నాడు.

ఇరువదేండ్ల క్రిందటి మాట. శ్రీకాకుళము జిల్లాలో నొక పల్లెబడిలో తెలుగు చెప్పుచుంటిని. తొమ్మిదవ తరగతివారికి ‘మా ఊరి చెరువు’ అను విషయముపై వ్యాసము వ్రాసి తెండని చెప్పితిని. వచ్చిన పుస్తకములలో నొకటి నన్ను నిలిపివేసినది. వేసవిలో నీరు తగ్గుచుండగా చెరువు గట్టువెంబడి బురదలోని పాదముల గుర్తులు ఎండి గట్టిపడుననియు, వానలు పడువరకు అవి చెరిగిపోవనియు, వానిలో తన తాత పాదమును తా నానవాలు పట్టితిననియు ఆ పిల్లవాడు వ్రాసియుండెను. అట్ట త్రిప్పి పేరు చూచితిని. చూచి నవ్వితిని. ఇట్టి పేరుగలవా డట్లు వ్రాయునా యనుకొంటిని. మరునాడు తరగతిలో వానిని నిలువబెట్టి, ఆ పేరును సాగదీసి పిలిచి, ఎవరిది చూచి వ్రాసితివని యడిగితిని. తరగతి యంతయు గొల్లుమనెను. వాడు తలవంచుకొని నిలిచెనేగాని మారు పలుకలేదు. ఆ మౌనమే దొంగతనమునకు సాక్ష్యమని నేను తృప్తిపడితిని.

మూడవనాడు వాని నాయనమ్మ బడికి వచ్చినది. అరుగుమీద కూర్చుండుమన్నను కూర్చుండక, “ఆ పేరు నానెట్టినాను బాబూ. ఆడికి ముందు ముగ్గురు పోనారు. ఈడైనా దక్కాలని ఎట్టినాను. తప్పుంటే నన్ననండి, ఆడ్నేటీ అనకండి” అని చేతులు జోడించినది. ఆ బాలుని పేరు నిక్కడ వ్రాయను. దానిని పదిమందిలో పలికి నవ్వించిన పాప మొకమారు చాలును.

పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య, బిచ్చయ్య అను పేర్లు విని నవ్వువారు అవి యెట్లు పుట్టినవో విచారింపరు. పుట్టిన బిడ్డలు వరుసగా పోవుచున్న యింట మరల నొక శిశువు కలిగినప్పుడు దానిని పెంటకుప్పపై పరుండబెట్టి యెత్తుకొనెడివారు. ఆ బిడ్డ పెంటయ్య. తిని పారవేసిన పుల్లివిస్తళ్లపై దొర్లించి తెచ్చుకొనెడివారు. ఆ బిడ్డ పుల్లయ్య. చేటెడు తవుటికి పొరుగింటివారి కమ్మి మరల కొనుక్కొనెడివారు. ఆ బిడ్డ తవిటయ్య. కొంగుపట్టి యడిగి తెచ్చుకొన్న బిచ్చమువంటివాడని చెప్పుకొనెడివారు. ఆ బిడ్డ బిచ్చయ్య. విలువలేని వస్తువుపై మృత్యువు కన్ను పడదని వారి విశ్వాసము. ఆ విశ్వాసము మూఢమే యగుగాక, అందలి ప్రేమ మూఢము కాదు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు రెండువందలమంది యేడాది నిండకయే మరణించుచుండిరి. 2020 నాటి ప్రభుత్వపు లెక్కలో ఆ సంఖ్య 28. టీకాలు లేక, వైద్యుడు అందుబాటున లేక యున్న యింట తల్లిచేతిలో మిగిలిన రక్ష ఒక్క పేరే. ఏ పేరును విని మనము ‘పెంపకము చాలదు’ అనుచున్నామో ఆ పేరే ఆ బిడ్డను దక్కించుకొనుటకు ఆ యిల్లు పడిన ఆరాటమునకు ఋజువు.

ఈ పేర్లు ఏదో యొక కులపువారివని యనుకొనుటయు పొరపాటు. తెలుగు చలనచిత్రముల తొలితరము దర్శకులలో సి. పుల్లయ్య, పి. పుల్లయ్య అని యిరువురు ప్రసిద్ధులుండిరి. వారి చిత్రములు చూడబోయిన జనులలో ఆ పేరు విని ముక్కు చిట్లించిన వారెవరు? తమిళమున పిచ్చై యన్న మాటకు భిక్ష యని యర్థము. ఆ మాట పేరులోగల సుందర్ పిచ్చై 2015లో గూగులు సంస్థకు ముఖ్యాధికారి యైనాడు. తమ పిల్లలు అట్టివారు కావలెనని కోరు తలిదండ్రులు ఇంటి ముందునుండి పోవు బిచ్చయ్యను చూచి నవ్వుచున్నారు. పేరు అదియే. నవ్వు మాత్రము జేబును చూచి వచ్చుచున్నది, పోవుచున్నది.

సంస్కృతము చదివి, శుభనామములు తమ సొత్తని గర్వపడు పెద్దలకు ఐతరేయ బ్రాహ్మణములోని యొక కథను జ్ఞాపకము చేయుదును. అజీగర్తుడను బ్రాహ్మణునకు మువ్వురు కొడుకులు: శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మూడు పేర్లకును ఇంచుమించుగా కుక్కతోక యనియే యర్థము. నడిమివానిని తండ్రి నూరావులకు యజ్ఞపశువుగా అమ్మివేసెను. పేరు హీనము; పెంపకము అంతకంటె హీనము. ఐనను ఋగ్వేదపు ప్రథమ మండలమున కొన్ని సూక్తములకు ఋషి ఆ శునఃశేపుడే. నేటి బడిలో అతడు చేరియుండినచో ఉపాధ్యాయుల గదిలో జూన్ నెల మొదటి దినముననే వాని భవిష్యత్తు తేలిపోయి యుండెడిది.

మరి ఈ చూపు మనకెక్కడినుండి వచ్చినది? గ్రంథములలోనే దాని జాడ యున్నది. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున బ్రాహ్మణుని పేరు మంగళమును, క్షత్రియుని పేరు బలమును, వైశ్యుని పేరు ధనమును, శూద్రుని పేరు జుగుప్సను తెలుపవలెనని విధింపబడినది. పిలిచిన ప్రతిసారియు పిలిచినవానికి ఏవగింపు, పిలువబడినవానికి తలవంపు కలుగునట్లు ముందే యేర్పాటు జరిగినది. నాయనమ్మ పెట్టిన పేరునకును ఈ శాస్త్రము పెట్టించిన పేరునకును శబ్దము ఒక్కటియే కావచ్చును. ఆమె బిడ్డను దాచుకొనుటకు పెట్టినది; ఇది బిడ్డను పట్టి యిచ్చుటకు పెట్టించినది. నేను తరగతిలో నవ్విన నాడు నా నోట పలికినది మనువే యని తరువాత తెలిసికొంటిని.

“ఐనచో అందరును మంచి పేర్లే పెట్టుకొనవచ్చునుగదా, వలదన్న వారెవరు?” అని కొందరు మిత్రు లడుగుచున్నారు. వలదనుచున్న వారెవరో చెప్పెదను. అంట్లు తోమవచ్చిన యామె తన కూతురి పేరు సహస్ర యనియో, ఆద్య యనియో చెప్పినపుడు ఇల్లాలి పెదవులపై మెదలు నవ్వును చూడుడు. “వీళ్లకెందుకమ్మా ఇలాంటి పేర్లు!” అను మాటను నేను పుస్తకముల బీరువాలుగల యిండ్లలోనే విన్నాను. పనికి వచ్చిన పడుచు పేరు తమ కోడలి పేరే యైనచో, “మా యింట్లో నిన్ను లక్ష్మీ అని పిలుస్తాములే” యని యజమానురాలు రెండవ నామకరణము కూడ చేసివేయును. పాత పేరుంచుకొన్నచో మోటువారు. క్రొత్త పేరు పెట్టుకొన్నచో మితిమీరినవారు. రెండు విధములను తప్పే యైనప్పుడు తప్పు పేరులో లేదని వేరుగ చెప్పవలెనా? మనకు కంటగింపైనది పేరు కాదు, మనుష్యుడు.

ఈ సంగతి మనకంటె ముందుగ నెరిగినవాడు హైదరాబాదువాసి భాగ్యరెడ్డివర్మ. 1888లో అస్పృశ్యులనబడిన కుటుంబమున మాదరి భాగయ్యగా జన్మించి, 1906లో జగన్మిత్రమండలి స్థాపించి, తనవారి కొరకు బడులు తెరపించిన మహనీయుడాయన. రెడ్డి, వర్మ యనునవి పాలకుల బిరుదములు. వానిని తన పేరున చేర్చుకొని నిలిచినప్పుడు ఆయన యడిగినది పొగడ్త కాదు; ఈ యక్షరములు ఎవరి సొత్తు, ఎవరు ఎవరికి పంచియిచ్చిరి, అని యడిగెను. ఆ ప్రశ్నకు మన సంఘము నేటికిని సమాధానము చెప్పలేదు.

చెప్పలేదనుటకు లెక్కలున్నవి. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ అను పండితులు ఒక పరీక్ష జరిపి దాని ఫలితములను 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రికలో ప్రకటించిరి. వార్తాపత్రికలలో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపబడినవి. సమానమైన చదువు, వేరువేరు పేర్లు. ఉన్నతకుల హిందూనామము గలవానికి పిలుపు వచ్చు అవకాశమును ఒకటిగా నెంచినచో, దళితనామము గలవానికి 0.67, ముస్లిము నామము గలవానికి 0.33 మాత్రమే కనబడెను. దరఖాస్తునకు ముఖము లేదు, యాస లేదు, బట్టలు లేవు, ఉన్నది పేరొక్కటే. ‘మేము యోగ్యతనే చూతుము’ అను వాక్యము ఎంత బోలుదో ఇంతకంటె స్పష్టముగ నెవరు చూపగలరు?

నా వృత్తివారికి ఇంకను సిగ్గు కలిగించు పరీక్ష యొకటి అమెరికాలో జరిగినది. హరారీ, మెక్‌డేవిడ్ అను పరిశోధకులు దానిని 1973లో ప్రకటించిరి. చిన్నపిల్లల వ్యాసములకు పేర్లు మార్చి మార్చి తగిలించి ఉపాధ్యాయులచేత దిద్దించిరి. డేవిడ్, మైకేల్ వంటి మెచ్చుకోలు పేర్లున్నప్పుడు మార్కులు పెరిగెను. ఎల్మర్, హ్యూబర్ట్ వంటి నవ్వుబాటు పేర్లున్నప్పుడు తగ్గెను. ఈ దోషము విద్యార్థినులకంటె అనుభవము గల ఉపాధ్యాయులయందే యెక్కువగా కనబడెను. అనుభవము వివేకమును పెంచునని మనము పిల్లలకు చెప్పుచున్నాము. అది దురభిప్రాయమునకు చేవ పట్టించుట కూడ కలదు.

పాత పేర్లకే ఈ గతి యనుకొనకుడు. జర్మనీలో 1990 తరువాత ఒక అమెరికా చలనచిత్రపు బాలనాయకుని పేరు, కెవిన్ అనునది, సామాన్యుల యిండ్లలో మిక్కిలి వ్యాపించినది. 2009లో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయమువారు ఉపాధ్యాయుల అభిప్రాయములు సేకరింపగా, ఆ పేరుగలవాడు అల్లరివాడై యుండునని పలువురు తలచుచున్నట్లు తేలినది. అది పేరు కాదు, రోగనిర్ణయమని యొక యుపాధ్యాయుడు వ్రాసెను. మన బడులలో లక్కీ, స్వీటీ, పింకీ యను పేర్లు పట్టీ కెక్కినప్పుడు మనము పెదవి విరచు తీరు దీనికి భిన్నమా? నా మట్టుకు నాకు నేటి క్రొత్తపేర్లు కొన్ని చెవికి ముల్లువలె గ్రుచ్చుకొనును. ధాతువు లేదు, ప్రత్యయము లేదు, అర్థము లేదు. సంస్కృతపు వాసన యుండిన చాలునని కూర్చినవి. ఐనను ఆ వ్యాకరణదోషము తండ్రిది. ఐదేండ్ల బిడ్డకా శిక్ష?

పేరు గూర్చిన పాత కథ బౌద్ధుల జాతకములలో నొకటి కలదు. పాపకుడను శిష్యుడు తన పేరు చెడ్డదని గురువునొద్ద మొరపెట్టుకొనెను. మంచి పేరు వెదకికొని రమ్మని గురువు పంపెను. శిష్యుడు జీవకుడనువాని శవమును చూచెను. ధనపాలి యను నిరుపేద దాసి దెబ్బలు తినుచుండ చూచెను. పంథకుడనువాడు దారి తప్పి తిరుగుచుండ చూచెను. పేరు గురుతు మాత్రమేయని తెలిసికొని పాత పేరుతోనే మరలివచ్చెను. కథ చక్కనిది. మన సామెతలును అదియే చెప్పుచున్నవి: ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. కాని ఈ బోధ యంతయు పేరు మోయువానికే చేయబడినది. ఓర్చుకొమ్మని వానికే చెప్పబడినది. పేరు వినువానిని కూర్చుండబెట్టి బుద్ధి చెప్పిన గురువు లరుదు. ఆ పని సంస్కరణను కోరు నేటి కుటుంబములు చేయవలసి యున్నది.

పేరే బిడ్డకు గాయమైన సందర్భములు లేకపోలేదు. మహారాష్ట్రమున సతారా జిల్లాలో, మగబిడ్డను కోరి ఆడబిడ్డను కన్న యిండ్లలో ‘వలదన్నది’ అను నర్థముగల నకుశా, నకుశీ అను పేర్లు పెట్టుట కలదు. 2011 అక్టోబరులో అధికారు లొక సభ జరిపి, అట్టి 285మంది బాలికలకు క్రొత్త పేర్లు పెట్టించిరి. ఇది మంచిపని. తవిటయ్య యను పేరు బిడ్డ కావలెనని పెట్టినది. నకుశా యను పేరు బిడ్డ వలదని పెట్టినది. మొదటిదానికి మారవలసినది మన చెవి, రెండవదానికి మారవలసినది పేరు. ఐనను పేరు మారిన మాత్రమున ఆ యింటిలో ఆడపిల్లకు అన్నము, చదువు సమానముగ దొరకునని యనుకొనరాదు. పట్టీలో అక్షరములు దిద్దుట యొక పూట పని. తక్కినది యేండ్ల పని.

పేరునుబట్టి తీర్పు చెప్పుట మన దేశమున ఒకప్పుడు చట్టమై కూర్చున్నది. 1871 నాటి నేరస్థజాతుల చట్టము ప్రకారము, పట్టికలో తెగ పేరుండిన చాలును, పుట్టిన బిడ్డయు అనుమానితుడే. 1952లో ఆ చట్టము రద్దైనను అనుమానము రద్దు కాలేదు. అట్టి ముద్రపడిన స్టువర్టుపురపు కుటుంబముల నడుమ పనిచేసి వారికి తోడు నిలిచిన దంపతులు లవణము, హేమలత. లవణము గోరాగారి కుమారుడు. ఉప్పు సత్యాగ్రహపు సంవత్సరమైన 1930లో పుట్టిన బిడ్డకు ఆ తండ్రి ఉప్పు అని పేరు పెట్టెను. కులము తోక లేదు, దేవుని నామము లేదు, చెవులకు వింతయే. పేరునుబట్టి మనుష్యుని తూచు సంప్రదాయమునకు ఆ జీవితమే జవాబు.

ఇక చేయవలసిన దేమి? తలిదండ్రులకు నా మనవి యిది. పేరు పలుకుటకు సులువుగ, అర్థము తేటగ నుండవలెనని మనువు స్త్రీలకు మాత్రము చెప్పిన నియమమును బిడ్డలందరికిని వర్తింపజేయుడు. కులము తెలుపు తోకను బిడ్డ పేరునకు తగిలింపకుడు. అది ఒకని నెత్తుటకు, వేరొకని దింపుటకు పనికివచ్చు కొలత. సంఖ్యాశాస్త్రజ్ఞుని మాట విని అక్షరములు పెంచకుడు. తొందరయు అక్కరలేదు, 1969 నాటి జనన మరణ నమోదు చట్టము పేరు లేకయే జననము నమోదు చేసి, పిమ్మట పేరు చేర్చుకొనుటకు వీలిచ్చుచున్నది. గృహిణులకు మనవి: మీ యింట పనిచేయునామెను ఆమె పేరుతోనే పిలువుడు. ఆమె బిడ్డ పేరు మీ బిడ్డ పేరే యైనచో సంతోషింపుడు. ఒకే ఆశ రెండిండ్లలో మొలచినది.

నా తోటి ఉపాధ్యాయులకు మనవి యింకొకటి కలదు. పెద్ద పరీక్షలలో జవాబుపత్రము దిద్దువానికి పేరు కనబడకుండ దాచుచున్నారు. ఏల? మన న్యాయబుద్ధిపై ప్రభుత్వమునకు నమ్మకము చాలక. ఆ జాగ్రత్త సంవత్సరాంతమున నొక వారమునకు చాలునా? ఏడాది పొడుగున దిద్దు పుస్తకములకును అంకెలే వేయింపుడు. దిద్దిన పిమ్మట పేరు చూడుడు. మార్కులకును పేర్లకును మీ రూహించిన పొత్తు ఎన్నిసార్లు తప్పునో మీరే లెక్కింపుడు. నేను పదునైదేండ్లుగా అట్లు చేయుచున్నాను. నా యూహ తప్పని యేడు ఒక్కటియు లేదు.

ఆ నాయనమ్మ వెళ్లిపోయిన దినముననే నేను ఆ చెరువు వ్యాసమును తరగతిలో మొదటినుండి చివరవరకు చదివి వినిపించితిని. చదివి, నేను తప్పు చేసితినని చెప్పి, వ్రాసినవాని పేరును సాగదీయక, తేటగ పలికితిని. ఆ దినమున ఒక్క పిల్లవాడును నవ్వలేదు. పేరు మారలేదు, అదే పేరు, అదే తరగతి. మొదటి దినమున పిల్లలకు నవ్వు నేర్పినది నా గొంతే యని నాకప్పుడు తెలిసినది.